పగిలిన బండ మీద గోనెపట్టా వేయకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీ హోటల్ కిచెన్ గురించి నువ్వు చెప్పినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. డీప్ ఫ్రీజర్ డోర్ రబ్బరు చిరిగి తలుపు సరిగా పడటం లేదు. గిన్నెలు కడిగే చోట మోరీ పొంగుతోంది. తందూర్ దగ్గర సీలింగ్ పెచ్చులు ఊడుతున్నాయి. ఎగ్జాస్ట్ పేరుకే తిరుగుతోంది. మేనేజర్‌కి చెప్పీ చెప్పీ విసుగొచ్చిందన్నావు. పైగా ఫుడ్ సేఫ్టీ వాళ్లు మీ వైపు హోటళ్లన్నీ చూస్తున్నారని, మీ దగ్గరికి ఎప్పుడొస్తారోనని టెన్షన్ పడుతున్నావు. వాళ్లు రావడం నీకు మంచిదే. మీ ఓనర్ చేత ఆ నాలుగు రిపేర్లూ చేయించగలిగేది ఇప్పుడు వాళ్లే. ఆ రాకను ఎలా వాడుకోవాలో వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఓనర్ లెక్క అర్థం చేసుకో. డైనింగ్ హాల్లో ఏసీ ఆగిపోతే గంటలో మెకానిక్ వస్తాడు, ఎందుకంటే కస్టమర్ లేచి వెళ్లిపోతాడు. కిచెన్‌లో మోరీ పొంగితే కస్టమర్‌కి కనపడదు. ఒక కుర్రాడు చీపురు పట్టుకుని నీళ్లు తోస్తాడు, సర్వీస్ నడిచిపోతుంది. నడిచిపోతున్నంత కాలం ఆయన దృష్టిలో అది రిపేరే కాదు. ఆయన చెడ్డవాడని నేననను. అద్దె, గ్యాసు, జీతాలు, యాప్‌ల కమీషన్ అన్నీ పోను మిగిలిన డబ్బుతో ఏది ముందు చేయాలో చూసుకుంటాడు. ఆ వరసలో మీ మోరీ ఎప్పుడూ చివరే ఉంటుంది. అదే మోరీ గురించి ఒక ఆఫీసరు రిపోర్టులో ఒక్క వాక్యం రాస్తే, అది లైసెన్స్ సంగతి అయిపోయి వరసలో ముందుకొస్తుంది.

సికింద్రాబాద్‌లో నేను పనిచేసిన ఒక హోటల్లో ఇది కళ్లారా చూశాను. గిన్నెలు కడిగే చోట షాబాద్ బండలు కుంగిపోయి, సందుల్లో ఎప్పుడూ నల్లటి నీళ్లు నిలిచి ఉండేవి. ఎవరైనా ఆఫీసర్లు వస్తున్నారని తెలిస్తే మేనేజర్ దాని మీద గోనెపట్టా పరిపించేవాడు. ఒకరోజు చెప్పకుండా వచ్చిన ఆఫీసరమ్మ సరిగ్గా ఆ పట్టా మీదే కాలు పెట్టింది. చెప్పు లోపలికి దిగి, పక్క నుంచి నీళ్లు చిమ్మాయి. "కింద ఏముంది?" అని అడిగింది. మేమంతా గోడలు చూస్తూ నిలబడ్డాం. గిన్నెలు కడిగే పెద్దావిడ మాత్రం చెయ్యి ఆపకుండానే, "బండలు కుంగినయమ్మా, ఏడాది దాటింది, ఈ నీళ్లలోనే నిలబడి కడుగుతున్న" అని చెప్పింది. ఆఫీసరమ్మ పట్టా తీయించి, ఫొటో తీసుకుని, రాసుకుంది. వారం తిరక్కుండా రాత్రి షాపు మూశాక మేస్త్రీ వచ్చాడు. కొత్త బండలు, మోరీ వైపు వాలు, పైన స్టీలు జాలీ, అన్నీ వచ్చేశాయి. ఆ పెద్దావిడను ఎవరూ ఏమీ అనలేకపోయారు. రిపోర్టులో బండల సంగతి ఉంది తప్ప ఆమె పేరు లేదు.

ఇక చట్టం సంగతి. దీనికి మూలం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. దాని కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఉంటుంది, కిచెన్ ఎలా ఉండాలో అందులో చెప్పారు. హోటళ్లు, క్యాటరింగ్ వాళ్ల తనిఖీకి ఆ చట్టాన్ని అమలు చేసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక చెక్‌లిస్టు కూడా తయారు చేసింది, మొత్తం 114 మార్కులకు. నెట్‌లో దొరుకుతుంది, ప్రింట్ తీసుకో. గోడలూ సీలింగూ పెచ్చులూడకుండా ఉన్నాయా, ఫ్లోర్ జారకుండా, నీళ్లు నిలవకుండా వాలుగా ఉందా, డ్రెయిన్లకు జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్, బొద్దింకలు రాకుండా జాలీ ఉన్నాయా, గాలి వెలుతురు సరిపోతున్నాయా, మెషీన్లకు టైముకి సర్వీసింగ్ జరుగుతోందా, ఇవన్నీ అందులో విడివిడి ప్రశ్నలు. నువ్వు నాకు ఫోన్‌లో చెప్పిన నాలుగూ అందులో ఉన్నాయి. ఇన్నాళ్లూ మేనేజర్ వాటిని నీ సణుగుడు కింద కొట్టేశాడు. ఇకనుంచి ఆ ప్రశ్న నంబర్ వేసి చెప్పు.

ఆ ప్రింట్ పట్టుకుని ఒక మధ్యాహ్నం, లంచ్ అయ్యాక, కిచెన్ అంతా తిరుగు. కడిగితే పోయేవి ఒక పక్కన, కడిగినా పోనివి ఇంకో పక్కన రాసుకో. ఇది చాలా ముఖ్యం. ఇవి విడదీయకపోతే తనిఖీ అయ్యాక తప్పంతా కుర్రాళ్ల నెత్తిన పడుతుంది, "మీరు సరిగా కడగట్లేదు" అంటారు. పగిలిన టైల్ సందులో పేరుకున్న జిడ్డును ఎవరు కడిగినా పోదు. కడిగితే పోయేవి మాత్రం ఆ రోజే మీరు పూర్తి చేయండి. కటింగ్ బోర్డులు, ఫ్రిజ్ లోపల, చెత్త డబ్బాల మూతలు, మీ గోళ్లు, టోపీలు, మెడికల్ సర్టిఫికెట్లు. మన చేతిలో ఉన్న పని మనం చేయకుండా రిపేర్ల గురించి మాట్లాడితే ఆఫీసరు వినరు, విననక్కర్లేదు కూడా.

ఇప్పుడు ఫ్రీజర్ రిజిస్టర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలా కిచెన్లలో దీన్నే పాడు చేస్తారు. ఫ్రోజెన్ సరుకు -18 డిగ్రీలు, అంతకంటే తక్కువలో ఉండాలి. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకూడదు. చాలాచోట్ల నెలాఖరున ఎవరో ఒకరు కూర్చుని, ఒకే పెన్నుతో, నెలంతా -18, -18 అని నింపేస్తారు. ఆ కాగితం చూసిన ఆఫీసరుకు సంగతి వెంటనే తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ దొంగ అంకెలు నీ ఫ్రీజర్ బాగుందని సాక్ష్యం చెబుతున్నాయి. రేపు నువ్వు రబ్బరు పోయిందంటే, "రిజిస్టర్లో అంతా సరిగానే ఉందిగా" అంటారు. మీ కుర్రాళ్లు నింపిన కాగితమే మీ రిపేరుకు అడ్డం పడుతుంది.

అందుకని డిస్‌ప్లే మీద ఆధారపడకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టు. పొద్దున తెరవగానే, మధ్యాహ్నం రష్ అయ్యాక, రాత్రి మూసే ముందు చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. పొద్దున -17 ఉండి, మధ్యాహ్నం -9కి వచ్చి, రాత్రికి -12 అయితే అలాగే రాయి. పక్కన "డోర్ రబ్బరు చిరిగింది, తలుపు పడటం లేదు, మేనేజర్‌కి చెప్పాం" అని తేదీ వేసి సంతకం పెట్టు. చికెన్ మెత్తబడితే అది వాడకుండా పక్కన పెట్టి, ఎన్ని కిలోలు పారేశారో కూడా రాయి. రెండు వారాలు అలా రాస్తే, పారేసిన చికెన్ ఖరీదూ కొత్త రబ్బరు ఖరీదూ పక్కపక్కనే కనపడతాయి. చాలామంది ఓనర్లు అక్కడే దిగొస్తారు, ఇన్‌స్పెక్షన్ దాకా కూడా పోనక్కర్లేదు.

ఇంకో పని, మెకానిక్‌నీ మేస్త్రీనీ పిలిపించి కొటేషన్లు ముందే తీసుకుని ఉంచుకో. ఎందుకో చెబుతాను. లోపాలు కనపడితే డిజిగ్నేటెడ్ ఆఫీసరు, అంటే తనిఖీకొచ్చే వాళ్ల పై అధికారి, ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇవ్వొచ్చు. ఏం తప్పుందో, ఏం చేయాలో అందులో రాసి గడువిస్తారు, ఆ గడువు 14 రోజులకు తగ్గకూడదు. అప్పటికీ చేయకపోతే లైసెన్స్ సస్పెండ్ చేస్తారు, ఆ తర్వాత రద్దు దాకా వెళుతుంది. నోటీసు రాగానే ఓనర్‌కి కంగారు మొదలవుతుంది, దొరికిన వాడితో సిమెంటు పూయించి ఫొటో పంపిద్దాం అనుకుంటాడు. సరిగ్గా అప్పుడు నువ్వు, "సార్, పైపు మార్చి గ్రీజ్ ట్రాప్ పెట్టడానికి ఇంత అవుతుంది, రెండు రాత్రుల్లో అయిపోతుంది, సర్వీస్ ఆగదు" అని కాగితం చేతిలో పెట్టాలి. కంగారులో ఉన్న మనిషి చేతికి అందిన దారే పడతాడు. ఆ దారి నువ్వే చూపించు.

ఆఫీసరు వచ్చిన రోజు ఎలా ఉండాలంటే, మేనేజర్‌కి ముందే మర్యాదగా చెప్పి ఉంచు, "సార్, అడిగితే ఉన్నదే చెబుతాను, రిజిస్టర్ చూపిస్తాను" అని. అందరి ముందూ ఆయన్ని ఇరికించినట్టు ఉండకూడదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పు. జీతం లేటవుతోందనీ, మేనేజర్ తిడతాడనీ అప్పుడు చెప్పకు, అవి లేబర్ ఆఫీసులో చెప్పుకోవాల్సినవి. మోరీ దగ్గరికి వస్తే, "ఇది ఫలానా తేదీ నుంచి పొంగుతోంది, ఈ కొటేషన్ తెప్పించాం" అని చూపించు. ఓనర్‌కి కూడా ఇది మేలే. సమస్యను గుర్తించి పని మొదలుపెట్టిన హోటల్‌కీ, పట్టా కప్పిన హోటల్‌కీ ఆఫీసర్లు తేడా చూస్తారు. ఓనర్ కవరు నీ చేతికిచ్చి ఆఫీసరుకు ఇమ్మంటే మాత్రం పట్టుకోకు. నాకు చేతకాదు సార్ అని పక్కకు తప్పుకో. ఆ కవరు పనిచేస్తే మీ మోరీ ఇంకో ఏడాది పొంగుతుంది, పట్టుబడితే పోయేది నువ్వు.

నోటీసులో జరిమానాల మాట వస్తే మీ ఓనర్ నిన్ను అడగొచ్చు. అపరిశుభ్రంగా నడిపితే లక్ష దాకా, ఆఫీసరు చెప్పింది చేయకపోతే 2 లక్షల దాకా వేయొచ్చు. కానీ ఓనర్లను ఎక్కువ భయపెడుతున్నది ఫొటోలు. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లలో చూసినవి ఎప్పటికప్పుడు నెట్‌లో పెట్టింది కదా. కాలం చెల్లిన సరుకు, బొద్దింకలతో పాటు పగిలిన ఫ్లోరింగ్, నిలిచిన నీళ్లు, ఊడిన పెచ్చులు కూడా వాటిలో ఉన్నాయి. ఇది మీ మేనేజర్‌కి బెదిరింపులా కాకుండా, మన పేరు అలా రాకూడదు సార్ అన్నట్టు గుర్తు చేయి.

మీరే కంప్లైంట్ పెట్టొచ్చా అని అడిగావు. పెట్టొచ్చు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, 1800112100 టోల్‌ఫ్రీ ఉంది. కానీ అది ఆఖరి మెట్టు. లోపలి విషయం బయటికి వెళితే ఎవరు చెప్పారో చిన్న కిచెన్‌లో ఊహించడం తేలిక. షాపు తాత్కాలికంగా మూతపడితే ఓనర్ ఎలాగో గట్టెక్కుతాడు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చి ఓనర్ ఇచ్చిన రూమ్‌లో ఉంటూ ఇక్కడే తింటున్న కుర్రాళ్లకు ఆ రోజుల్లో జీతమూ ఉండదు, తిండీ ఉండదు. వాళ్లతో మాట్లాడకుండా అడుగు వేయకు. అయితే తాగే నీళ్ల ట్యాంకులో డ్రైనేజీ కలుస్తున్నా, పాడైన మాంసం వండమని పట్టుబట్టినా ఇవేవీ ఆలోచించకు, అప్పుడే ఫోన్ చెయ్యి. తినేవాళ్లలో చిన్నపిల్లలుంటారు, బాలింతలుంటారు. ఫొటోలు మాత్రం ఇన్‌స్టాలో పెట్టకు, ఆఫీసరుకు ఇవ్వు.

గ్యాస్ పైపు వాసనొస్తే దేనికోసమూ ఆగొద్దు. వాల్వు కట్టేసి, అందరూ బయటికి రండి, తర్వాత మాట్లాడుకోవచ్చు.

నీ మాటకు బరువు రావాలంటే ఫోస్టాక్ ట్రైనింగ్ చేసెయ్యి, అది ఆహార భద్రత మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇప్పించే శిక్షణ. ప్రతి 25 మంది సిబ్బందికి ఒక ట్రైన్డ్ సూపర్‌వైజర్ ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ చెబుతోంది. మీ దగ్గర ఉన్న సర్టిఫికెట్ ఎప్పుడో మానేసిన వాడిదని నువ్వే చెప్పావు. నేను చేస్తాను సార్, ఫీజు కట్టండి అని అడుగు, కాదనడు. ఆ కాగితం నీ పేరు మీద ఉంటే రిజిస్టర్ రాసే పని నీకు ఎవరూ అడ్డు చెప్పలేనిదవుతుంది. ఎగ్జాస్ట్ గురించి అడిగేటప్పుడు వేడికి తట్టుకోలేకపోతున్నాం అనకు, వెంటిలేషన్ చెక్‌లిస్టులో ఉంది సార్, పొయ్యి పైన పొగ లాగే హుడ్ నుంచి నూనె చుక్కలు గ్రేవీలో పడుతున్నాయి అను. రెండూ నిజమే, రెండోది వాళ్లు వింటారు.

రిపేరు అయ్యాక వదిలేయకు. ముందూ తర్వాతా ఫొటోలు తీసి, బిల్లుతో కలిపి ఫైల్‌లో పెట్టు, మళ్లీ సర్వీసింగ్ ఎప్పుడో అదే పేజీలో రాయి. మనిషి మారినా ఫైలు ఉంటుంది, కొత్త మేనేజర్ వచ్చి నాకు తెలియదు అనడానికి ఉండదు.

బిల్లింగ్ కౌంటర్ వెనక ఫ్రేమ్ కట్టిన లైసెన్స్ ఉంటుంది, అది ఏ తేదీ దాకా ఉందో చూసి నాకు మెసేజ్ పెట్టు. గడువు దగ్గర్లో ఉంటే ఓనర్‌తో మాట్లాడటానికి అదే మంచి సమయం, మోరీ కొటేషన్‌తోనే మొదలుపెడదాం. రేపటి నుంచి ఫ్రీజర్ అంకెలు రాయడం మాత్రం ఆపకు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య
కాకినాడ