పావుగంటా ముప్పావుగంటా ఒకటేనా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంపు మోటారు కరెంటును 15 నిమిషాలకోసారి నమోదు చేస్తున్నాం. రోజుకు 96 అంకెలు. ఒకే తీరు రోజుల్ని గుంపులు చేద్దామంటే, మంజీరా నీళ్లు అరగంట ఆలస్యమైన రోజు యూక్లిడియన్ దూరంలో ఎక్కడో పడుతోంది. డీటీడబ్ల్యూ (డైనమిక్ టైమ్ వార్పింగ్) వాడితేనేమో అన్నీ దగ్గరే అంటోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కాగితం మీద రెండు రోజులు వేసి చూడండి: 0 0 5 0 0, 0 0 0 5 0. యూక్లిడియన్ ఏ స్థానానికి ఆ స్థానాన్నే పోలుస్తుంది. 25+25, వర్గమూలం 7.07. డీటీడబ్ల్యూ అటూ ఇటూ జరిపి జత కలుపుతుంది కాబట్టి 5కు 5 దొరికి దూరం సున్నా. ఇంతవరకూ మీకు కావలసిందే.

ఇప్పుడు మొదటి రోజును 0 5 5 5 0తో పోల్చండి. మోటారు పావుగంట బదులు ముప్పావుగంట నడిచింది. అయినా సున్నానే! ఒక్క 5ను మూడింటికీ పైసా ఖర్చు లేకుండా అంటగట్టేస్తుంది. మీ చిక్కంతా ఇదే.

సకోయే–చిబా విండో, అంటే ఎన్ని స్థానాల దాకా జరపొచ్చో చెప్పే హద్దు, పెట్టమని ఎవరైనా చెబుతారు. పెట్టండి. 4 పెడితే గంటకు మించి జరగదు, రెండు రోజుల్నీ పోల్చే పట్టికలో లెక్కించాల్సిన గడులు 9216 (96×96) నుంచి 844కు దిగుతాయి. కానీ పై ఉదాహరణలో విండో 1 ఉన్నా జవాబు సున్నానే. ఎంతసేపు నడిచిందన్న తేడాను అది పట్టుకోదు.

మీ పనికి మూవ్–స్ప్లిట్–మెర్జ్, అంటే ఎంఎస్‌ఎం, నయం. అందులో విలువ మారిస్తే ఎంత మారిందో అంత ఖర్చు; అంకెను రెండుగా చీల్చినా, రెండిటిని కలిపినా ప్రతిసారీ ‘సి’ అంత ఖర్చు. సి=0.5 అయితే మొదటి జతకు దూరం 1, రెండో జతకు 2. సి మీ అంకెల కొలతలోనే ఉంటుంది. మొదటి జతలో అది 5 దాటితే జరపడం కన్నా విలువ మార్చడమే చవక, ఇక సాగడమన్నది ఉండదు.

నీళ్లు రాని రోజుల్ని ముందే పక్కన పెట్టండి. జెడ్–నార్మలైజ్ చేస్తే (ప్రతి రోజు అంకెల్నీ సగటు 0, ప్రామాణిక విచలనం 1 అయ్యేలా మారిస్తే) ఆ రోజు మీటరు చిన్న వణుకు కూడా కొండంత అవుతుంది. ఎంత కరెంటు కాలిందన్నది ముఖ్యమైతే అసలు నార్మలైజే వద్దు.

పైథాన్‌లో ఇయాన్ లైబ్రరీ విండోను నిడివిలో వంతుగా అడుగుతుంది: 4కు బదులు 0.042 ఇవ్వాలి. టీఎస్‌లెర్న్ అనే మరో లైబ్రరీకి 4 అనే ఇవ్వాలి. పైగా డీటీడబ్ల్యూకు అది వర్గమూలం తీస్తుంది, ఇయాన్ తీయదు. రెండిటి అంకెలూ ఒకే పట్టికలో కలపకండి.