సముద్రపు అడుగును ధ్వనితో చదివే శాస్త్రం: దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ధ్వని తరంగాలతో సముద్రపు అడుగును పరిశోధించే రంగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో కంప్యూటర్ సైన్స్ చాలంటున్నారు. సముద్రమే లేని జిల్లా మాది. ఈ చదువు ఎక్కడుంది? ఉద్యోగాలు వస్తాయా? ఆడపిల్లను నెలల తరబడి నౌక మీదకు పంపాలా? – ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: సముద్రం దూరమని వెనుకాడకండి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రం అడుగున ఉంచిన పరికరం పీడనంలో తేడాను పసిగట్టి, ఆ సమాచారాన్ని ధ్వని రూపంలో నీటిపై తేలే బోయా అనే పరికరానికి పంపుతుంది. అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా అది హైదరాబాద్ చేరుతుంది. ఉప్పునీటిలో రేడియో తరంగాలు కొద్ది దూరంలోనే అణగిపోతాయి, వెలుతురూ లోతుకు చేరదు. ధ్వని మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో చాలా దూరం వెళ్తుంది.

మీ అమ్మాయికి ఈ లెక్క ఇవ్వండి. నౌక నుంచి పంపిన ధ్వని అడుగును తాకి 4 సెకన్లకు తిరిగొస్తే, రానూపోనూ 6,000 మీటర్లు, అందులో సగం అంటే లోతు 3,000 మీటర్లు. కానీ ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం మారితే ధ్వని వేగమూ మారుతుంది. వేగాన్ని ఒక్క శాతం తప్పుగా తీసుకున్నా లోతులో 30 మీటర్ల తేడా వస్తుంది. అందుకే అడుగును కొలిచేవారు పైనున్న నీటినీ చదవాలి. ప్రతిధ్వని బలాన్ని బట్టి అడుగున రాయి ఉందో, బురద ఉందో అంచనా వేస్తారు. తక్కువ పౌనఃపున్యంతో బురద కింది పొరలూ తెలుస్తాయి. ఇదంతా ఆమెకు ఆసక్తిగా అనిపిస్తే రంగం సరైనదే.

మీ నాగార్జునసాగర్‌లోనూ ఈ విద్యకు పని ఉంది. మొదట 408 టీఎంసీలుగా ఉన్న జలాశయ సామర్థ్యాన్ని ఇప్పుడు సుమారు 312గా లెక్కిస్తున్నారు. ఇలాంటి జలాశయాల్లో ఎంత పూడిక చేరిందో తేల్చడానికి పడవ మీద నుంచి ధ్వనితోనే లోతులు కొలుస్తారు.

ఇక చదువు. డిగ్రీలోనే సముద్రం పేరున్న కోర్సు కోసం వెతకవద్దు. పేరు చూసి లక్షలు కట్టించుకునే ప్రైవేటు స్వల్పకాలిక కోర్సుల జోలికి అసలు వెళ్లవద్దు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, బీటెక్ ఈసీఈ గానీ చాలు. కంప్యూటర్ సైన్స్ తప్పు కాదు, కానీ తరంగాలు, సిగ్నల్ ప్రాసెసింగ్ (సంకేతాల నుంచి సమాచారాన్ని రాబట్టే విద్య) లేకుండా ఇక్కడ అడుగు పడదు. ప్రోగ్రామింగ్ పక్కన నేర్చుకోవచ్చు. పీజీకి ఉస్మానియాలో జియోఫిజిక్స్ (భూభౌతికశాస్త్రం), విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనూ కొచ్చిలోని కుశాట్‌ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ)లోనూ సముద్రశాస్త్రం ఉన్నాయి. ఐఐటీల కోసం ఎమ్మెస్సీకి జామ్, ఎంటెక్‌కు గేట్ ప్రవేశ పరీక్షలు రాయాలి.

ప్రభుత్వ పోస్టులు తక్కువ, ఏటా రావు. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), గోవాలోని ఎన్ఐఓ (జాతీయ సముద్రశాస్త్ర సంస్థ), కొచ్చిలో నౌకాదళానికి సోనార్లు (ధ్వనితో నీటి అడుగున వస్తువులను గుర్తించే పరికరాలు) రూపొందించే ఎన్‌పీఓఎల్ ప్రయోగశాల ముఖ్యమైనవి. పరిశోధక ఉద్యోగానికి చాలాచోట్ల పీహెచ్‌డీ అవసరం. అంటే సంపాదన మొదలవడానికి ఆలస్యమవుతుంది, ఇంట్లో ఆ ఓపిక ఉండాలి. ఓడరేవులు, చమురు అన్వేషణ, సముద్రగర్భ కేబుళ్ల కోసం సర్వే చేసే ప్రైవేటు కంపెనీలు మాత్రం పీజీతోనే తీసుకుంటాయి.

నౌక సంగతి: ఎన్ఐఓ శాస్త్రవేత్త అదితి పంత్ 1983లోనే అంటార్కిటికా యాత్రకు వెళ్లారు. సముద్ర యాత్రలు అందరికీ తప్పనిసరి కావు. ఒడ్డున కూర్చుని డేటా విశ్లేషించేవారూ చాలామంది ఉన్నారు. ఏది కావాలో పీజీ నాటికి ఆమెనే తేల్చుకోనివ్వండి.