మ్యాచ్ కోసం నగరం దాటాను, ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపుతారా?

ప్రశ్న: నా వయసు 23. కబడ్డీలో రెయిడర్‌ని. మా ఊరు సరిహద్దు అవతల, ఆంధ్రలో ఉంది. నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఒక ప్రైవేటు లీగ్ జట్టుకు ఆడుతున్నాను. 2023లో ఒక టోర్నమెంట్ అయిపోయాక గొడవ జరిగింది. నేను తోసేస్తే అవతలి జట్టు కుర్రాడి చెయ్యి విరిగింది. ఐపీసీ 325 (తీవ్రంగా గాయపరచడం) కింద కేసు పెట్టారు. 2025 జనవరిలో కోర్టు నేరం రుజువైందని చెప్పి, జైలుకు పంపకుండా రెండేళ్ల ప్రొబేషన్ (షరతులతో, అధికారి పర్యవేక్షణలో బయట ఉండే వీలు) ఇచ్చింది. మా మేనమామ పాతిక వేలకు జామీను ఉన్నారు. ప్రతి నెలా మొదటి సోమవారం ప్రొబేషన్ అధికారిని కలవాలట, ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా నగరం దాటకూడదట. ఆ కాగితం కన్నడలో ఉంది, నేను పూర్తిగా చదవలేదు. గత నెల పుణెలో మ్యాచ్‌లు ఉంటే తొమ్మిది రోజులు వెళ్లాను. వెళ్లేముందు అధికారికి వాట్సాప్‌లో చెబితే ‘ఓకే, రాగానే కలవండి’ అన్నారు. ఆ నెల సోమవారం మాత్రం కలవలేకపోయాను. ఇప్పుడు కోర్టు నుంచి నాకూ మామయ్యకూ సమన్లు వచ్చాయి. నాన్న ఆటో నడుపుతారు, అమ్మకు బీపీ. ఉగాదికి ఇంటికి వెళ్తే అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అంతకు ముందు నేనేమీ తప్పు చేయలేదు. ఒక్క జూన్‌లో చీలమండ బెణికి అధికారి దగ్గరికి వెళ్లలేదు, ఆయనా ఏమీ అనలేదు. దెబ్బ తగిలిన కుర్రాడు కూడా నన్ను క్షమించాడు. ఆ తొమ్మిది రోజులూ జ్వరంతో బెంగళూరులోనే ఉన్నట్టు డాక్టర్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని మేనేజర్‌కు తెలిసినాయన ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చా? అసలు తీర్పు మీదే ఇప్పుడు అప్పీలు వేయొచ్చా? ఒక బ్యాంకులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చేలా ఉంది, ఫారంలో కేసు సంగతి రాయాలా? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు.

జవాబు: మీ కేసును తేల్చే వాక్యం మీ ఉత్తరంలో ఒక్కటే ఉంది. అది పుణె గురించి కాదు. ‘ఒక్క జూన్‌లో చీలమండ బెణికి వెళ్లలేదు, ఆయనా ఏమీ అనలేదు’ అన్నారే, అదీ.

ఎందుకో చెబుతాను. మీకు వచ్చిన సమన్లు 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 9 కింద వచ్చినవి. బాండులోని, అంటే మీరు కోర్టుకు రాసిచ్చిన పూచీపత్రంలోని షరతు మీరినట్టు విచారణలో తేలితే కోర్టు ముందు రెండు దారులుంటాయి. ఒకటి, పాత నేరానికి అక్కడికక్కడే శిక్ష వేయడం. రెండోది, బాండును అలాగే కొనసాగిస్తూ యాభై రూపాయలకు మించని జరిమానా వేయడం. అవును, యాభై రూపాయలే. కానీ ఈ రెండో దారికి చట్టం ఒక మాట తగిలించింది: షరతు మీరడం ‘మొదటిసారి’ అయి ఉండాలి. మీ అదృష్టమంతా ఆ మాట మీద ఆధారపడి ఉంది. జూన్‌లో కలవకపోవడం మొదటిది, పుణె రెండోది అని అధికారి తన నివేదికలో రాసి ఉంటే, యాభై రూపాయల తలుపు మీకు మూసేయమని ప్రాసిక్యూషన్ అడుగుతుంది.

దానికి మన జవాబు ఉంది. జూన్ సంగతిని అప్పట్లో ఎవరూ కోర్టు దృష్టికి తేలేదు, కోర్టు విచారించి తేల్చలేదు, కాబట్టి లెక్కలోకి వచ్చే మొదటి ఉల్లంఘన ఇదేనని వాదించవచ్చు. అది వాదన మాత్రమే, హామీ కాదు. పైగా మొదటిసారి అయినా సరే ఏ దారి పట్టాలన్నది మేజిస్ట్రేటు విచక్షణ. అందుకే జూన్‌లో మీరు కావాలని ఎగ్గొట్టలేదని చూపించే కాగితం ముందు వెతకండి. ఆస్పత్రి ఓపీ చీటీ, తేదీ ఉన్న ఎక్స్‌రే, ఫిజియో దగ్గర వైద్యం రాసిన షీటు, జట్టు దగ్గర గాయాల రికార్డు ఉంటే దాని నకలు, ఆ రోజు మీరు అధికారికి ఫోన్ చేసి ఉంటే ఆ వివరం. అన్నీ అప్పటి కాగితాలే కావాలి. ఇప్పుడు కొత్తగా రాయించింది ఒక్కటీ వద్దు.

ఇంకో సంగతి మీరు గమనించినట్టు లేరు. ఉగాదికి ఇంటికి వెళ్లానని రాశారు. మీ ఊరు బెంగళూరుకు ఎంత దగ్గరైనా నగర పరిధి దాటినట్టే. రాష్ట్రం కూడా దాటారు. అనుమతి అడిగారా? అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. నివేదికలో అది ఉందో లేదో నాకు తెలియదు, లేకపోతే మీరుగా వెళ్లి ఎత్తాల్సిన అవసరం లేదు. కానీ మీ లాయరుకు ముందే చెప్పండి. కోర్టు నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. మీ స్వేచ్ఛ మొత్తం ఆధారపడిన కాగితం కన్నడలో ఉందని చదవకుండా పక్కన పెట్టారా? షరతులు వివరించి ఉత్తర్వు కాపీ వెంటనే ముద్దాయికీ, జామీనుదారుకూ, అధికారికీ ఇవ్వాలని సెక్షన్ 4 కోర్టుకే బాధ్యత పెట్టింది. కాపీ మీ చేతిలో ఉంది. మీతో కలిసి ఆడేవాళ్లలో సగం మంది కన్నడిగులై ఉంటారు. ఒక్కరిని కూర్చోబెట్టుకుని చదివించుకుంటే పావుగంట పని. ‘కలవాలట, దాటకూడదట’ అని రాశారు మీరు. తన పాతిక వేలను పూచీ పెట్టిన మేనమామ ఈ మాట వింటే ఏమనుకుంటారు? బాండు రద్దయితే ఆ డబ్బు రాబట్టడానికి ఆయన మీదకూ కోర్టు వెళ్లగలదు.

ఆ కాగితం ఇవాళే చదివించుకోండి. ముఖ్యంగా నగరం దాటే షరతులో ఏ మాట ఉందో చూడండి. ‘ముందస్తు రాతపూర్వక అనుమతి’ అని ఉందా, ‘తెలియజేసి’ అని ఉందా? తెలియజేయడమే షరతయితే మీ వాట్సాప్ మెసేజ్‌తో పుణె సమస్య దాదాపు తీరిపోతుంది. రాతపూర్వక అనుమతి అని ఉన్నా ‘ఓకే, రాగానే కలవండి’ అన్న జవాబు మీకు పెద్ద అండ. రాతపూర్వకం అంటే స్టాంపు వేసిన కాగితమే కానక్కర్లేదని వాదించవచ్చు. కనీసం మీరు దొంగచాటుగా వెళ్లలేదని అది చూపిస్తుంది. అయితే అదే మెసేజ్‌లో ‘రాగానే కలవండి’ అని ఉంది. మీరు పుణె నుంచి వచ్చాక ఎన్ని రోజులకు కలిశారు? ఉత్తరంలో రాయలేదు. కలవకపోతే మీకు అనుకూలమైన సాక్ష్యమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఆ ఫోన్ జాగ్రత్త. అమ్మకండి, మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, అది అసలు రికార్డు నకలేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చి చెప్పింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టి రుజువు చేస్తే అది అక్కర్లేదనీ అదే తీర్పులో ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఇది సెక్షన్ 63. సర్టిఫికెట్‌కు రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఈ పని వాయిదా ముందురోజు సాయంత్రం మొదలుపెడితే అవదు.

అధికారి ఇచ్చిన నివేదిక నకలు కోసం మొదటి వాయిదాలోనే దరఖాస్తు పెట్టించండి. ప్రొబేషన్ నివేదిక రహస్యం, ఇవ్వరు అని ఎవరైనా అనవచ్చు. సెక్షన్ 7 చెప్పే గోప్యత ప్రొబేషన్ ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే ముందు అధికారి ఇచ్చే నివేదికలకు సంబంధించినది. మీ మీద వచ్చిన ఆరోపణ ఏమిటో తెలియకుండా మీరు జవాబు ఎలా చెప్పగలరు?

డాక్టర్ సర్టిఫికెట్ సంగతి. దాన్ని ముట్టుకోవద్దు. ఇప్పిస్తానన్న మనిషితో మళ్లీ మాట్లాడవద్దు. ఆలోచించండి బాబూ, మీరు ఆడింది నలుగురి ముందు. స్కోర్ షీటులో మీ పేరు, జెర్సీ నంబరు ఉంటాయి. మ్యాచ్ వీడియో ఉంటుంది. రైలు టికెట్, హోటల్ రిజిస్టర్ ఉంటాయి. జ్వరంతో బెంగళూరులో పడుకున్నాడని చెప్పే కాగితం కోర్టులో పెట్టిన క్షణాన, యాభై రూపాయలతో పోయే అవకాశం ఉన్న విషయం కొత్త కేసుగా మారుతుంది. కోర్టు విచారణలో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 ప్రకారం ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ డాక్టరూ ఇరుక్కుంటాడు. సత్ప్రవర్తనతో ఉంటానని రాసిచ్చిన బాండు కాలంలోనే ఈ పని చేసినవాడి మీద ఏ మేజిస్ట్రేటు దయ చూపిస్తాడు? పైగా అధికారికి మీరు పంపిన మెసేజే మీరు పుణె వెళ్తున్నారని చెబుతోంది. మీ అసలైన సాక్ష్యాన్ని మీరే అబద్ధం చేసుకుంటారు.

అప్పీలు గురించి. ప్రొబేషన్ ఉత్తర్వు మీద అప్పీలు హక్కు ప్రొబేషన్ చట్టం సెక్షన్ 11 ఇచ్చింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి కాలపరిమితి 30 రోజులు. అది ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, కానీ సరైన కారణం చూపాలి. ఇన్నాళ్లూ ప్రొబేషన్ ఫలితం అనుభవించి, సమన్లు రాగానే అప్పీలు గుర్తొచ్చిందంటే అది కారణం కాదు. ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. అప్పీలు విన్న కోర్టు కావాలంటే ప్రొబేషన్ ఉత్తర్వునే తీసేసి శిక్ష వేయవచ్చు, ఆ అధికారం అదే సెక్షన్‌లో ఉంది. ఉన్నదాన్ని పోగొట్టుకోవద్దు. ఆ కుర్రాడు క్షమించడం మంచిదే. ఐపీసీ సెక్షన్ 325 కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగిన నేరం. తీర్పుకు ముందు ఆ పని చేసి ఉంటే మీకీ బాండే ఉండేది కాదు. ఇప్పుడు ఆ క్షమాపణ మహా అయితే మీ ప్రవర్తన మెరుగైందని చెప్పే ఒక అఫిడవిట్.

జైలు ఒక్కటే మీకు నష్టమని అనుకుంటున్నారు. దానికంటే ఎక్కువ కాలం వెంటాడేది ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 ఇచ్చే రక్షణ పోవడం. ప్రొబేషన్ మీద విడుదలైన మనిషికి, దోషులుగా తేలినవాళ్లకు చట్టాలు పెట్టే అనర్హతలు అంటవని ఆ సెక్షన్ చెబుతుంది. కానీ తర్వాత అదే పాత నేరానికి శిక్ష పడితే ఆ రక్షణ పోతుంది. సెక్షన్ 325కు గరిష్ఠం ఏడేళ్లు. మీకు అంత వేస్తారని నేననడం లేదు. చిన్న శిక్ష వేసినా సెక్షన్ 12 చేయి జారుతుంది. మీ వయసులో ఇంకా పదేళ్ల ఆట, ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ముందున్నాయి. అందుకే యాభై రూపాయల దారి కోసం ఇంత పట్టుబడుతున్నాను.

బ్యాంకు ఫారంలో నిజం రాయండి. సెక్షన్ 12 అనర్హతను తీసేస్తుంది, నేరం రుజువైందన్న సంగతిని చెరిపేయదు. రైల్వే ఉద్యోగి చెల్లప్పన్ కేసులో 1975లోనే సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. ‘ఎప్పుడైనా దోషిగా తేలారా’ అని అడిగితే అవునని రాసి, ఉత్తర్వు నకలు జతచేయండి. దాచిపెట్టడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చని 2016లో అదే కోర్టు అవతార్ సింగ్ కేసులో వివరించింది. నిజం రాస్తే ఉద్యోగం ఖాయమని కాదు, పరిశీలించి నిర్ణయించే హక్కు వాళ్లకు ఉంటుంది. కానీ దాచి చేరితే చేరిన రోజు నుంచీ భయమే.

ఇక చేయాల్సింది. సమన్లలో ఉన్న తేదీకి మీరూ మామయ్యా ఇద్దరూ వెళ్లండి. కోర్టు వారంటుకు బదులు సమన్లు పంపింది, అది మీ పట్ల ఇంకా నమ్మకం ఉందనడానికి గుర్తు. వెళ్లకపోతే వచ్చేది వారంటే. హాజరైన రోజున కస్టడీకి పంపే అధికారం కూడా కోర్టుకు ఉంది కాబట్టి బెయిలు దరఖాస్తు, జామీను కాగితాలు సిద్ధంగా ఉండాలి. లాయరు ఫీజు భారమైతే న్యాయ సేవల సంస్థ 15100కు ఫోన్ చేయండి.

వాయిదాకు ముందే ప్రొబేషన్ అధికారిని కలవండి. మీ మీద నివేదిక ఇచ్చాడని ఆయన్ను శత్రువుగా చూడకండి. మీకు సలహా, సాయం ఇవ్వడం కూడా సెక్షన్ 14 ప్రకారం ఆయన విధే. మీకు ఇప్పుడు ఆయనతోనే పని ఉంది. బాండు షరతులు మార్చడానికి సెక్షన్ 8లో వీలుంది, అయితే ఆ దరఖాస్తు వేయాల్సింది ప్రొబేషన్ అధికారి. బాండు అమల్లో ఉన్నంతకాలం ఎప్పుడైనా వేయవచ్చు. మీకు 2027 జనవరి దాకా సమయం ఉందని వాయిదా వేయకండి. జట్టు నుంచి లెటర్‌హెడ్ మీద మ్యాచ్‌ల షెడ్యూలు, బస చిరునామా, కోచ్ ఫోన్ నంబరు తీసుకుని వెళ్లండి. ఆట మీ జీవనోపాధి కాబట్టి ముందుగా షెడ్యూలు ఇచ్చి, ఈమెయిల్‌లో అనుమతి తీసుకుని వెళ్లేలా, కలవాల్సిన సోమవారం బయట ఉంటే తిరిగొచ్చిన రెండు రోజుల్లో కలిసేలా షరతు మార్చమని ఆయన్ను అడగండి. షరతు మార్చేముందు మామయ్య మాట కూడా కోర్టు వింటుంది, ఆయనకు ముందే అర్థమయ్యేలా చెప్పండి.

కోర్టు జరిమానాతో వదిలేస్తే ఆ రోజే కట్టి రశీదు తీసుకోండి. గడువులోగా కట్టకపోతే, ఆ ఒక్క కారణంతోనే పాత నేరానికి శిక్ష వేయవచ్చని సెక్షన్ 9 చివర్లో ఉంది. కొత్త ఉత్తర్వు చేతికి వచ్చేదాకా మరో మ్యాచ్‌కు నగరం దాటకండి. అమ్మను చూడాలనిపిస్తే ఆవిడనే బెంగళూరు రమ్మనండి.