సూదులు పట్టుకుని కొండెక్కే ముందు

ప్రశ్న: ఆక్యుపంక్చర్ కోర్సు పూర్తిచేసి మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నేపాల్ కొండ గ్రామాల్లో రెండు వారాల ఉచిత శిబిరానికి రమ్మని ఒక బృందం పిలిచింది. ప్రయాణం ఖర్చులు మావే. రోజుకు వంద మందిని చూడాలట. వెళ్లాలని మనసు లాగుతోంది. కానీ అంత తక్కువ రోజుల్లో ఎవరికైనా నిజంగా మేలు చేయగలనా అని టెన్షన్‌గా ఉంది. మీరు అక్కడ పనిచేశారని తెలిసి అడుగుతున్నాను మేడమ్.
- ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లమనే చెబుతానమ్మా. కాకపోతే మీరు తిరిగి వచ్చేశాక ఆ రోగుల్ని ఎవరు చూస్తారో తెలుసుకున్నాకే టికెట్ కొనండి.

నేను వెళ్లింది మక్వాన్‌పూర్ జిల్లాలోని ఒక కొండ ఊరికి. ఆరు వారాలున్నాను. ఒకే గది, గోడ వెంట ప్లాస్టిక్ కుర్చీలు. చలికి ఒంటి మీద మూడు నాలుగు పొరల బట్టలు వేసుకుని వచ్చేవాళ్లు. వాటిని విప్పమని ఎలా అంటాం? మోచేతుల కింద, మోకాళ్ల కింద, చెవులకు సూదులు పెట్టి అలాగే కూర్చోబెట్టేవాళ్లం. అందరినీ వరుసగా కూర్చోబెట్టి చెవికి ఐదు సూదులు పెట్టే పద్ధతి 1970లలో న్యూయార్క్‌లోని లింకన్ హాస్పిటల్‌లో రూపుదిద్దుకుంది. మత్తుమందులకు అలవాటుపడిన వాళ్ల కోసం దాన్ని మొదలుపెట్టారు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చాక ఆక్యుపంక్చరిస్ట్స్ వితౌట్ బోర్డర్స్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు అదే పద్ధతిని బాధితుల దగ్గరికి తీసుకెళ్లారు. మా దగ్గరికి వచ్చిన వాళ్లలో 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత రాత్రిళ్లు సరిగా నిద్రపట్టని పెద్దవాళ్లు ఉండేవారు. చెవులకు సూదులు పెట్టాక ఆ కుర్చీల్లోనే అరగంట కునుకు తీసేవారు. నా దృష్టిలో అది చిన్న మేలేం కాదు.

ఇక మీరు అడిగిన రెండు వారాల సంగతి. యాభై దాటిన ఒక ఆవిడ నడుం నొప్పితో వచ్చింది. అక్కడి ఆడవాళ్లు డోకో అనే వెదురు బుట్టను వీపున వేసుకుని, దాని బరువంతా నుదుటికి కట్టిన పట్టీ మీద మోస్తారు. ఆ పట్టీని నామ్లో అంటారు. బరువుల వల్లే నడుం పట్టేసిందనుకున్నాను. నాలుగు సిటింగులు ఇచ్చాను. ప్రతిసారీ కాస్త తగ్గేది, మళ్లీ మొదటికొచ్చేది. మాకు దుబాసీగా ఉన్నది ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆవిడ ఎంతసేపు మాట్లాడినా అతను మాకు చెప్పేది "నడుం నొప్పి" అన్న రెండు మాటలే. ఐదోసారి అతను రాలేదు. ఆ ఊరి మహిళా ఆరోగ్య స్వయంసేవిక వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు ఆ నడుం నొప్పి ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఆంగ్ ఖస్యో" అంది. గర్భసంచి జారిందని అర్థం. కాన్పయిన కొద్ది రోజులకే బరువులు మోసిందట. అప్పటినుంచీ ఆ బాధతోనే ఉంది. కొడుకు వయసు పిల్లవాడి ముందు ఆ మాట ఎలా చెబుతుంది?

నేను రెండు వారాలకే వచ్చేసి ఉంటే, రిజిస్టర్‌లో "నడుం నొప్పి, కొంత తగ్గింది" అని రాసి సంతోషంగా విమానం ఎక్కేదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. స్వయంసేవికే ఆవిడను హెటౌడాలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ గర్భసంచి కిందికి జారకుండా లోపల రింగు అమర్చారు. ఆవిడకు అసలైన వైద్యం అదే. నా సూదులు అప్పటిదాకా నొప్పిని కాస్త కప్పిపెట్టాయంతే.

ఆ స్వయంసేవికల వ్యవస్థను నేపాల్ ప్రభుత్వం 1988లోనే మొదలుపెట్టింది. ఏ ఇంట్లో ఎవరికి ఏ బాధో వాళ్లకు తెలుసు. మీ బృందం వాళ్లతో కలిసి పనిచేస్తుందా? దుబాసీల్లో ఆడవాళ్లున్నారా? రోగిని కింద ఊరి ఆసుపత్రికి పంపాల్సి వస్తే జీపు ఛార్జీ ఎవరిస్తారు? మీ తర్వాత వచ్చే బ్యాచ్‌కి మీ కేసు షీట్లు అందుతాయా? ఇవన్నీ అడగండి.

వంద మంది అన్న లెక్క నాకు అస్సలు నచ్చలేదు. ఎనిమిది గంటలకు 480 నిమిషాలు. మనిషికి ఐదు నిమిషాలు కూడా రావు, అందులో సగం దుబాసీకే పోతుంది. మోకాళ్ల నొప్పులకు, పాత నడుం నొప్పులకు, తలనొప్పికి ఆక్యుపంక్చర్ సాయపడుతుంది. కానీ వారానికి ఒకటి రెండు సిటింగుల చొప్పున కొన్ని వారాలు చేయాలి. వంద మందికి ఒక్కోసారి చేసేకంటే ముప్పై మందిని మళ్లీ మళ్లీ చూడటం మంచిదని బృందానికి గట్టిగా చెప్పండి. వెంట బీపీ మెషిన్, షుగర్ చూసే గ్లూకోమీటర్ తీసుకెళ్లండి. రెండు వారాలు దాటిన దగ్గుంటే టీబీ పరీక్షకు పంపండి, సూదులు పెట్టకండి.

ఇంకొకటి. బరువులు మోసేవాళ్లు మెడ, భుజాలు చూపించి అక్కడే పెట్టమంటారు. మెడకూ భుజం కొసకూ మధ్య సూది పెట్టే చోటు ఒకటుంది, దాన్ని జీబీ 21 పాయింట్ అంటాం. దాని కింద ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. బక్కపలచటి ఒళ్లు, కాస్త లోతుకు దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. ఆసుపత్రి గంటల దూరం. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ పాయింట్ జోలికి పోలేదు, చేతుల్లోని పాయింట్లతోనే సరిపెట్టాను. పెట్టిన సూదులు, తీసిన సూదులు లెక్కపెట్టి రాయండి. వాడినవి గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి చేర్చాలి. ఒక శిబిరం వాళ్లు చేను గట్టున పాతిపెట్టడం చూశాను. ఆ చేలో జనం ఉత్త కాళ్లతో నడుస్తారు.

వీసా, అనుమతుల విషయం కూడా తేల్చుకోండి. భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. వేరే దేశపు పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు మాత్రం అక్కడ టూరిస్టు వీసా మీద జీతం లేని పని చేయడానికి కూడా వీల్లేదు. బృందానికి ఎలాంటి అనుమతులున్నాయో కాగితాలు అడిగి చూడండి. వాళ్లేం చెప్పారో నాకు మళ్లీ రాయండి, చూసి చెబుతాను.