తుపాకి ఎత్తేముందు: తమ్ముడి కొడుక్కి ఒక ఉత్తరం

కర్నూలు

చిరంజీవి సురేంద్రకు పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న తుపాకి లైసెన్సు నీ పేరుకు మారిందనీ, ఈసారి వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టేసరికే పందులు చేలో పడ్డాయనీ నీ ఉత్తరంలో చదివాను. మంచె మీద రాత్రి ఎలా కూర్చోవాలి, ఎంత దూరం నుంచి కాల్చాలి, ఏ తూటా వాడాలి అని అడిగావు. వాటికి జవాబులు చెప్తాను. నువ్వు అడగని ప్రశ్న ఒకటి ఉంది: చేలో కదిలింది పందే అని నీకెలా తెలుస్తుంది? ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే. పట్టాళంలో ఉన్నన్నాళ్లూ, ఊరికి తిరిగొచ్చి సేద్యం చేసినన్నాళ్లూ తుపాకి నా చేతిలో ఉంది. ఆ అనుభవంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి నాకు కనబడలేదు.

ముందు కాగితాల సంగతి. తుపాకి లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు తుపాకి ఉంచుకోనిస్తుంది, అంతవరకే. పందిని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. 2022 సవరణ తర్వాత అడవిపంది ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపాలంటే 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా తుపాకి బీరువాలోనే ఉండాలి. దరఖాస్తు ఇచ్చిన రోజే నకలు మీద అటవీ కార్యాలయం ముద్ర వేయించుకో.

ఇక అసలు విషయం. మన పక్క మండలంలో చాలా ఏళ్ల కిందట ఇద్దరు అన్నదమ్ములు పందుల కోసం చేలో కాపు కాశారు. తమ్ముడు వంక వైపు నుంచి పందుల్ని అదిలించాలి, అన్న గట్టు దగ్గర కూర్చుని కాల్చాలి, ఇదీ వాళ్ల ఒప్పందం. వంకలో పందులు లేకపోవడంతో తమ్ముడు అనుకున్న దారిలో కాకుండా కంది సాళ్లలోంచి అడ్డంగా తిరిగి వచ్చాడు. కంది కదిలింది. అన్న కాల్చాడు. అతను తాగలేదు, తొందరపాటు మనిషి కాదు, తుపాకి కొత్తా కాదు. పోలీసులు అడిగినప్పుడు కూడా ‘నాకు పందే కనబడింది’ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నమ్ముతాను. నిజంగానే పంది కనబడింది.

నీకు అర్థం కావాల్సింది ఇక్కడే. మూడు రాత్రులు నిద్ర మానుకుని, చేను తవ్వేసిన గుంతలు చూసి కడుపు మండి, పంది వస్తుందని ఎదురుచూసే మనిషి కళ్లు మామూలు కళ్లు కావు. చీకట్లో కంటికి అందేది చిన్న ముక్క మాత్రమే, ఒక నల్లటి గుండ్రం, ఒక కదలిక. మిగిలిన పందిని మనసే గీసి పెడుతుంది. చెవులు, మూతి, వీపు మీద నిక్కిన వెంట్రుకలు అన్నీ చూశానని తర్వాత ప్రమాణం చేసి మరీ చెప్తారు. అందుకే ‘నాకు కనబడింది’ అన్నది చాలదు. ఏమేం కనబడింది అని నిన్ను నువ్వు అడగాలి. తల ఎటుంది, మూతి నేల మీదుందా, నాలుగు కాళ్లున్నాయా, నడక ఎలా ఉంది? వీటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పలేకపోతే నువ్వు చూసింది పందిని కాదు, నీ కోరికను.

మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. దశరథుడు సరయూ తీరంలో చీకట్లో కడవ నిండే చప్పుడు విని ఏనుగనుకున్నాడు. శబ్దాన్ని బట్టి బాణం వేయడం ఆయనకు గొప్ప విద్య. ఆ విద్యే మునికుమారుడి ప్రాణం తీసింది. జరుడనే బోయ పొదల్లో కృష్ణుడి పాదం చూసి లేడి అనుకున్నాడు. ఒకరు చెవిని నమ్మారు, ఇంకొకరు ఒక ముక్కను చూసి మొత్తం అనుకున్నారు. తరతరాలుగా హరికథల్లో విని ఏడుస్తాం గానీ, మంచె ఎక్కగానే ఆ రెండు పొరపాట్లే మళ్లీ చేస్తాం. చప్పుడుకు కాల్చవద్దు. కదలికకు కాల్చవద్దు. పక్కవాడు ‘అదిగో పంది’ అన్నా కాల్చవద్దు. వాడు చూశాడేమో, నువ్వు చూడలేదు.

టార్చి గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. వెలుగు పడగానే రెండు కళ్లు మెరిస్తే పంది దొరికిందని సంబరపడతారు. ఆవులు, మేకలు, గొర్రెలు, కుక్కలు, జింకలు, చిరుతలు, వీటి కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, అందుకే అవి మెరుస్తాయి. పందికి ఆ పొర లేదు. కాబట్టి చేలో కళ్లు గట్టిగా మెరిశాయంటే అది తాడు తెంపుకున్న నీ పొరుగువాడి దూడ కావచ్చు, గొర్రెల మందకు కాపలా తిరిగే కుక్క కావచ్చు. మరి మెరవకపోతే? ఆ పొర మనిషికీ లేదు. నల్లగా ఉండి, కళ్లు మెరవకుండా, వంగి నేల మీద కదిలేవి చేలో రెండే ఉన్నాయి, అడవిపంది, మనిషి. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువు.

రాత్రి చేలో మనుషులెవరుంటారని అనుకోవద్దు. కల్యాణదుర్గం వైపు చేలలో మంద వేయించడం నీకు తెలిసిందే. ఎరువు కోసం రైతు పిలిస్తే గొర్రెల కాపరులు మందతోపాటు చేలోనే పడుకుంటారు. నల్ల కంబళి కప్పుకుని గొంతుకూర్చున్న కాపరి యాభై గజాల దూరంలో అచ్చం పందిలా ఉంటాడు. కరెంటు వేళను బట్టి మోటారు వేయడానికి, మళ్లకు నీళ్లు మార్చడానికి వచ్చే రైతు వంగి బోదె తీస్తుంటాడు. తెల్లవారుజామున బహిర్భూమికి వచ్చే ముసలివాళ్లు ఉంటారు. కాయ పీకే రోజుల్లో ఎండ ముదరకముందే కూలి ఆడవాళ్లు చేలకు చేరుకుంటారు. సీతాఫలాల కాలంలో కొండకు పోయే పిల్లలు మసక చీకట్లోనే బయలుదేరతారు. వీళ్లలో ఎవరూ నువ్వు మంచె మీద ఉన్నావని నీకు చెప్పి రారు. నువ్వే వాళ్లకు చెప్పాలి. కూర్చునే ప్రతి రాత్రీ చుట్టుపక్కల చేలవాళ్లందరికీ, దగ్గరలో మంద వేసిన కాపరులకూ సాయంత్రమే చెప్పిరా. ఫోను చేసి ఊరుకోవద్దు, మనిషిని కలిసి చెప్పు. ఎవరు ఎక్కడుంటారో తెలియని రాత్రి అసలు కూర్చోవద్దు.

జంతువుల్లోనూ పొరపాటుకు చోటుంది. మీ వైపు ఎలుగుబంట్లు చేలలోకి వస్తాయి. అదీ నల్లగానే ఉంటుంది, అదీ నేల తవ్వుతుంది. అది మొదటి షెడ్యూలులోని జంతువు, అంటే చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చిన జాబితాలోది. నీకు వచ్చే అనుమతి పంది వరకే పనికొస్తుంది.

తుపాకితో చూడటం అనే అలవాటు ఉంది చూడు, అన్నిటికంటే దాన్ని ఎక్కువగా అసహ్యించుకుంటాను. గొట్టానికి టార్చి కట్టి, అదేమిటో చూద్దామని ఆ గొట్టాన్నే అటు తిప్పుతారు. అంటే పంది అవునో కాదో తేలకముందే మనిషికి తుపాకి గురిపెట్టినట్లు. టార్చి వేరుగా, ఎడమ చేతిలోనో తోటివాడి చేతిలోనో ఉండాలి. దొరికితే దుర్భిణి పెట్టుకో. తుపాకి ఒళ్లో పడుకునే ఉండాలి, వేలు ట్రిగ్గరు బయటే ఉండాలి. ముందు చూపు, ఆ తర్వాత నిర్ణయం, చివర తుపాకి. ఆలోపు పంది పారిపోతుందంటావా? పోనీ. ఆ రాత్రి పోయేది నాలుగు సాళ్ల కాయ.

పగలైతే ఈ బాధ లేదని కూడా అనుకోవద్దు. 2006 ఫిబ్రవరి 11న అమెరికాలోని టెక్సాస్‌లో అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ పిట్టల వేటలో తన తోటి వేటగాడినే కాల్చాడు. ఎగిరిన పిట్ట వెంట తుపాకి తిప్పుతూ పోయి, సాయంత్రపు ఎండకు ఎదురుగా కాల్చాడు. అవతల ఉన్నది 78 ఏళ్ల న్యాయవాది. పడిన పిట్టను తెచ్చుకోవడానికి వెళ్లి తిరిగి వస్తున్నాడు. ముఖంలో, మెడలో, ఛాతీలో గుళ్లు దిగాయి, ప్రాణం మాత్రం దక్కింది. ఆయన అందరికీ కనబడే నారింజ రంగు చొక్కా వేసుకునే ఉన్నాడు. చుట్టూ అంగరక్షకులు, మంచి తుపాకి, పట్టపగలు, అనుభవం, ఇవేవీ అడ్డుపడలేదు. గురి జంతువు మీదే ఉంది, దాని వెనక ఏముందో మాత్రం చూసుకోలేదు.

ఆ వెనకే నీకూ ముఖ్యం. 12 బోరు తుపాకిలో ఎస్‌జీ అనే పెద్ద గుళ్లు పోనుపోను విచ్చుకుంటాయి. పందిని నిలబెట్టగల దూరం ముప్పై గజాలే అనుకో, కానీ తప్పిపోయిన గుండు కొన్ని వందల గజాలు పోతుంది. మీ పక్కింటాయన దగ్గరున్న .315 రైఫిలు తూటా కిలోమీటరు దాటినా ప్రాణం తీయగలదు. దాన్ని చేలలో వాడవద్దని నా మాటగా చెప్పు. గట్టు మీద నిలబడి సమానంగా కాల్చడం కంటే మంచె మీదినుంచి కిందికి కాల్చడం మేలు, తప్పినా గుండు నేలలో దిగుతుంది. ఆకాశం కనబడే చోట గుట్ట అంచు మీద నిలబడ్డ పందిని ఎంత దగ్గరగా ఉన్నా వదిలెయ్. అవతల తండా ఉందో దారి ఉందో నీకు కనబడదు. బెదిరించడానికని పైకి కాల్చడం కూడా వద్దు, పైకి పోయింది ఎక్కడో ఒకచోట దిగాలి. బెదిరించడానికి టపాకాయలున్నాయి.

పగలే మంచె ఎక్కి చుట్టూ చూడు. ఎటు కాల్చవచ్చో అటు రెండు సున్నం పూసిన గుంజలు పాతు. ఆ రెండింటి నడుమ తప్ప ఇంకెటూ గొట్టం తిరగకూడదు, పంది ఎంత ఊరించినా సరే. ఇద్దరికంటే ఎక్కువమంది వద్దు, ఒకే తుపాకి ఉండాలి. ఇద్దరూ ఒకే మంచె మీద ఉండాలి. అదిలించడానికి ఒకడు, కాల్చడానికి ఒకడు అని విడిపోవడం నా తమ్ముడి చేలో జరగకూడదు. ఒంటికి పోవడానికి దిగినా చెప్పి దిగాలి, తుపాకి ఖాళీ చేసి దిగాలి, వెలిగించిన టార్చితోనే తిరిగి రావాలి. పంది నలుపు కాబట్టి మీరు తెల్లబట్టలే కట్టుకోండి, తలకు తెల్ల తువాలు చుట్టుకోండి. చలికి నల్ల కంబళి కప్పుకోవద్దు. చుక్క మందు తాగినవాడు ఎవరైనా సరే, నీ బావమరిదైనా సరే, మంచె ఎక్కకూడదు. గాయపడ్డ పంది జొన్నలోకి దూరితే చీకట్లో వెంటపడవద్దు. తెల్లవారాక అటవీ సిబ్బందికి చెప్పి, వాళ్లతోనే వెళ్లు.

తుపాకి లేనివాళ్లు చేసే పని గురించి కూడా చెప్పాలి, మీ ఊళ్లో ఇది ఎక్కువవుతోందని విన్నాను కాబట్టి. చేను చుట్టూ కట్టుతీగ లాగి మోటారు కరెంటు పెట్టడం, పిండిలో నాటుబాంబు చుట్టి గట్టున పెట్టడం. తుపాకి పట్టినవాడు కనీసం ఆగి చూడగలడు. తీగ చూడలేదు, బాంబు చూడలేదు. నీళ్లు కట్టడానికి పోయిన రైతులు, పాలు పిండే ఆవులు ఆ తీగలకే పోతున్నాయి. పెట్టిన మనిషే మరిచిపోయి తొక్కి పోయిన సందర్భాలున్నాయి. నీ చేలో అలాంటిది ఎవరూ పెట్టకుండా చూడు, పక్క చేలో ఉంటే వెళ్లి తీయించు. గొడవైనా సరే. సోలార్ కంచె వేరు, అది క్షణకాలం కొట్టి వదిలేసే దెబ్బ, పందిని భయపెడుతుందే గానీ చంపదు.

పొరపాటున తగిలిందన్న మాట కోర్టులో విడిపించదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే ఉండేది. కానీ జైలుకు భయపడి జాగ్రత్తగా ఉండమని చెప్పడం నాకిష్టం లేదు. ఆ అన్నను విడుదలయ్యాక చూశాను. మరదలు, ఆమె పిల్లలు అదే వీధిలో, అదే బావి దగ్గర ఉండేవారు. రోజూ వాళ్ల ఎదురుగా నడిచి చేనికి పోవాలి. కొన్నాళ్లకు చేను కౌలుకిచ్చి ఊరే వదిలి వెళ్లిపోయాడు.

నువ్వు అడిగిన వాటిలో మిగిలింది పంట. అనుమతి వచ్చేలోపు చేను చుట్టూ పాత చీరలు కట్టించు. మంగలి షాపులో వెంట్రుకలు అడిగి తెచ్చి గట్ల వెంట చల్లు, పంది మూతి పెట్టి వాసన చూస్తూ నడుస్తుంది కాబట్టి ముక్కులోకి పోయి వెనక్కి తగ్గుతుంది. వానకు కొట్టుకుపోతే మళ్లీ చల్లాలి. వచ్చే ఏడు విత్తనం వేసేటప్పుడే చేను అంచున నాలుగు వరుసలు కుసుమ వేయించు, ముళ్లకు పందులు లోపలికి రావడానికి జంకుతాయి. ఆముదమైనా మేలే.

దసరాకు అక్కడికి వస్తున్నాను. పగటిపూట ఇద్దరం మంచె ఎక్కి గుంజలు ఎక్కడ పాతాలో చూద్దాం. అప్పటిదాకా తూటాలు పెట్టె విడిగా, తుపాకి విడిగా, రెండు తాళాలు వేసి ఉంచు. తాళంచెవులు మీ అమ్మ దగ్గర పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న