ట్రాక్టరు గంటలు, కారు మైళ్ళు

సంక్రాంతికి అనంతపురం వచ్చి నాలుగు రోజులైంది. మామ ట్రాక్టరుకు ఆయిలు మార్పించాలని టౌన్లో షెడ్డుకు తెస్తే, నేనూ తోడొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. టీ గ్లాసు చేతికొచ్చిందో లేదో, ఇంగ్లండులోని లెస్టర్ నుంచి ఫోను. కర్నూలు పిల్లోడు. చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది.

"అన్నా, సెకండ్‌హ్యాండులో వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారు కొన్న్యా. సర్వీసుకు ఫోన్ చేస్తే ఫిక్స్‌డా, ఫ్లెక్సిబులా అని అడుగుతాండారు. ఏం చెప్పాల?"

కొత్తగా ఇంగ్లండు వచ్చినవాళ్ళలో ఏటా ఎవరో ఒకరు నన్ను ఇది అడుగుతూనే ఉంటారు. మన దగ్గర ఇంత ఆలోచన ఉండదు. షోరూమువాళ్ళు ఫోన్ చేసి "సార్, సర్వీసు డ్యూ" అంటారు, మనం బండి ఇచ్చి వస్తాం. అక్కడ నిర్ణయం మన నెత్తిన పెడతారు.

వోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా, సియాట్ కార్లలో చాలావాటికి రెండు పద్ధతులున్నాయి. ఫిక్స్‌డ్ అంటే ఏడాదికోసారి, లేదా సుమారు 10,000 మైళ్ళకోసారి, ఏది ముందొస్తే అది. ఫ్లెక్సిబుల్ అంటే ఎప్పుడు మార్చాలో కారే లెక్కగట్టి స్క్రీను మీద చెబుతుంది. గరిష్ఠం రెండేళ్ళు, లేదా 18,000 నుంచి 20,000 మైళ్ళు. జర్మనీలో ఉన్నవాళ్ళకు అదే 15,000 కి.మీ., 30,000 కి.మీ. లెక్క. టొయోటా, కియాలాంటివి కొన్నవాళ్ళకు ఈ తలనొప్పి దాదాపు లేదు, ఏడాదికోసారి అంతే. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియాకు ఇంగ్లండులో 7 ఏళ్ళ వారంటీ. సర్వీసులు వేళకు చేయించకపోతే మాత్రం ఆ వారంటీ అడగబోయినప్పుడు పేచీ వస్తుంది.

కారు ఎలా లెక్కగడుతుందని పిల్లోడు అడిగాడు. ఎదురుగా మామ ట్రాక్టరు ఉంది కాబట్టి చెప్పడం సులువైంది. ట్రాక్టరుకు కిలోమీటర్ల లెక్క ఎవరికీ అక్కర్లేదు. స్టీరింగు ముందు గంటల మీటరు ఉంటుంది, 250 గంటలకో మారు ఆయిలు. శెనక్కాయ చేలో దున్నేటప్పుడు బండి కదిలేది గంటకు నాలుగైదు కిలోమీటర్లే, ఇంజిన్ మాత్రం నిండు బరువు లాగుతుంటుంది. కిలోమీటర్లు చూసి ఆయిలు మార్చేవాడైతే ఎప్పుడో ఇంజిన్ పట్టేసేది. ఫ్లెక్సిబుల్ సర్వీసు అంటే ఆ గంటల మీటరుకు కాస్త చదువు చెప్పించినట్టు. ఎన్నిసార్లు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశారు, ఆయిలు ఎంత వేడెక్కింది, ఎంత ఇంధనం తాగింది, ఎంత దూరం పోయింది, ఇవన్నీ కలిపి లెక్క వేస్తుంది.

మెకానిక్ అంతా వింటున్నాడు. డ్రెయిన్ ప్లగ్గు విప్పి, కారుతున్న నల్ల ఆయిలు రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, "నూనె చెడిపోయిందని కారుకు తెలుస్తాదా సార్?" అన్నాడు.

ఆ మాట కొట్టిపారేయలేం. కారు ఎక్కువగా చేసేది అంచనా. ఆయన వేలికి తగిలినట్టు దానికి తగలదు.

నా కథ చెబితే అర్థమవుతుంది. అక్కడికి వెళ్ళిన కొత్తల్లో డీజిలు కారు కొన్నాను. మన అలవాటు, డీజిలు చౌక కదా అని! ఇంగ్లండులో పెట్రోలు కన్నా డీజిలే ఖరీదని బంకులో నిలబడ్డాక గాని తెలియలేదు. ఆఫీసుకు నాలుగు మైళ్ళు. పొద్దున సున్నా డిగ్రీలలో స్టార్ట్ చేసి, హీటరు వెచ్చబడేలోపే పార్కింగులో ఆపేవాణ్ణి. సర్వీసు ఫ్లెక్సిబుల్ మీద ఉంది. స్క్రీను మీద ఇంకా నెలల తరబడి గడువు. ఒక శనివారం ఎందుకో బానెట్ ఎత్తి, ఆయిలు ఎంతుందో చూసే కడ్డీ, డిప్‌స్టిక్ లాగితే, ఆయిలు మ్యాక్స్ గీత దాటి పైకి ఉంది. తాగాల్సిన ఆయిలు పెరగడమేంటని ముందు సంతోషించాను కూడా. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు కంపు.

డీజిలు కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు కారు అదనంగా డీజిలు చల్లి వేడి పుట్టించి ఆ మసిని కాలుస్తుంది. దానికి బండి కాసేపు ఆగకుండా పోవాలి. నాలా మధ్యలో ఆపేస్తూ ఉంటే ఆ మిగులు డీజిలు సిలిండరు గోడల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోలు కార్లకూ చిన్న దూరాలు మంచివి కావు. ఇంజిన్ సరిగా వేడెక్కకపోతే ఆయిల్లో చేరిన నీటి తేమా, పెట్రోలూ ఆవిరై పోవు. రేడియేటరు నీళ్ళ ముల్లు మధ్యకొచ్చినా ఆయిలు వేడెక్కడానికి ఇంకొంత సేపు పడుతుంది.

గ్యారేజీకి తీసుకెళ్తే కౌంటరులో ఉన్నతను కంప్యూటరు చూసి, "ఇంకా సిస్టం అడగలేదు కదా" అన్నాడు. సిస్టం అడగకపోయినా నేను అడుగుతున్నాను, మార్చమన్నాను. ఆయిలు మార్చారు, సర్వీసు సెట్టింగు కూడా ఆ రోజే ఫిక్స్‌డ్‌కు మార్పించాను. అప్పట్నుంచి మళ్ళీ ఫ్లెక్సిబుల్ జోలికి పోలేదు.

అందుకని పిల్లోణ్ణి అడిగాను. ఏడాదికి ఎంత తిరుగుతావు? ఆఫీసుకు బస్సులో పోతాడట. కారు తీసేది శని, ఆదివారాలు. ఇండియన్ స్టోరుకు, గుడికి, ఫ్రెండు రూముకు. మహా అయితే 4,000 మైళ్ళు, అన్నీ రెండు మూడు మైళ్ళ ముక్కలు. వీడికి ఫ్లెక్సిబుల్ అసలు పనికిరాదు. మైళ్ళు తక్కువని మురిసిపోయి రెండేళ్ళు ఆయిలు మార్చకపోవడం కంటే, ఏడాదికోసారి 5 లీటర్లు పోయించడం మేలు.

అదే రోజూ మోటార్‌వే మీద అరవై డెబ్బై మైళ్ళు పోయి వచ్చేవాళ్ళుంటారు. ఇంజిన్ వేడెక్కి, ఒకే వేగంతో గంటసేపు పరిగెడుతుంది. కంపెనీ లీజు కారైతే ఇక చెప్పేదేముంది. వాళ్ళు ఫ్లెక్సిబుల్ పెట్టుకోవచ్చు. నడుమ నడుమ డిప్‌స్టిక్ చూసుకుంటేనే సుమా. రెండేళ్ళ దాకా బానెట్ ఎత్తేవాడే ఉండడు కదా. కొన్ని కొత్త కార్లకు డిప్‌స్టిక్కే ఉండదు, మెనూలోనే చూసుకోవాలి.

ఇంకొక మెలిక ఆయిలు దగ్గర. ఫ్లెక్సిబుల్‌కు దానికి తగిన లాంగ్‌లైఫ్ ఆయిలే పడాలి. వోక్స్‌వ్యాగన్ గ్రూపులో చాలా ఏళ్ళుగా 504.00/507.00 అని డబ్బా మీద రాసి ఉండేది. 5డబ్ల్యూ-30 అని చిక్కదనం ఒక్కటే చూసి ఏదో ఒకటి పోస్తే కాదు. మీ మోడలుకు ఏ నంబరు కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. మీ ముందు ఓనరు చౌక ఆయిలు పోయించి సెట్టింగు మాత్రం ఫ్లెక్సిబుల్ మీదే వదిలేసి ఉంటే, కారు ఆ సంగతి తెలియకుండానే రెండేళ్ళ లెక్క వేస్తూ పోతుంది. సెకండ్‌హ్యాండు కొన్నవాళ్ళకు అసలు భయం ఇదే. అందుకే బిల్లు చేతిలో లేకపోతే, కొన్న వారంలోనే ఆయిలు, ఫిల్టరు మార్పించి సున్నా నుంచి మొదలుపెట్టమంటాను.

సర్వీసు పుస్తకంలో రెండేళ్ళ ఖాళీ కనిపిస్తే వెంటనే ఎగ్గొట్టారని అనుకోవద్దు, ఫ్లెక్సిబుల్ మీద నడిపి ఉండొచ్చు. బేరమాడటానికి మాత్రం ఆ ఖాళీ బాగా పనికొస్తుంది. పాత ఎంఓటీల్లో, అంటే ఏటా బండికి చేసే పరీక్షల్లో, మైళ్ళు ఎంత రాశారో ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే ఉచితంగా కనిపిస్తుంది, పుస్తకంతో పోల్చుకోండి.

ఎంఓటీ అన్నాను కాబట్టి, దాన్ని సర్వీసు అనుకునేవాళ్ళు చాలామంది. అది బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందా అని చూసే పరీక్ష. మూడేళ్ళు నిండిన కారుకు ఏటా చేయించాలి. అందులో ఎవరూ ఆయిలు మార్చరు. బ్రేక్ ఫ్లూయిడు లెక్కా వేరే. కారు తిరిగినా తిరగకపోయినా అది తేమ పీలుస్తూనే ఉంటుంది కాబట్టి, సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి.

డీలరు దగ్గరే చేయించాలా అని పిల్లోడు ఇంకో ప్రశ్న. అక్కర్లేదు. బయటి గ్యారేజీలో చేయించినంత మాత్రాన వారంటీ పోదు. కంపెనీ చెప్పిన గడువుకు, చెప్పిన నాణ్యత సామాను వేసి, బిల్లులు దాచుకుంటే చాలు.

మెకానిక్ కొత్త ఆయిలు పోసి, ట్రాక్టరు తిప్పి ఆపి, డిప్‌స్టిక్ గుడ్డకు తుడిచి మళ్ళీ ముంచి మామకు చూపించాడు. నేను పిల్లోడికి అదే చెప్పాను. చదునైన చోట ఆపు, కాసేపు ఆగు, బానెట్ ఎత్తు, డిప్‌స్టిక్ తుడిచి ముంచి ఫోటో తీసి పంపు.

పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అద్దాలు కడిగే నీళ్ళ మూత తెరిచి, అందులోకి టార్చి వేసి తీశాడు. "అన్నా, ఆయిలు నీలంగా ఉండాది, మంచిదేనా?"

టీ గ్లాసు పక్కన పెట్టి వీడియో కాల్ చేశాను.