నాన్నగారి పాత రివాల్వరా, కొత్త ప్రబలా?

ప్రశ్న: మాది మామిడి గుజ్జు వ్యాపారం. 72 ఏళ్ల మా నాన్నగారి దగ్గర కాన్పూరులో తయారైన .32 బోరు రివాల్వర్ చాలాకాలంగా లైసెన్సుతో ఉంది. దాన్ని నా పేరుకు మార్చుకోమని ఆయన అంటున్నారు. స్నేహితులేమో కొత్తగా వచ్చిన ‘ప్రబల్’ రివాల్వర్ కొనమంటున్నారు. ఏది మేలు?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండూ .32 బోరువే, అంటే గొట్టం లోపలి వెడల్పు ఒకటే కాబట్టి తూటా బలంలో మీరు చెప్పుకోదగ్గ తేడా ఆశించనక్కరలేదు. అసలు తేడా తెరుచుకునే తీరులో ఉంది. మీ నాన్నగారిది బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల బాణీలో తయారైన పాత నమూనా అయితే, వెనుకనున్న మీటను బొటనవేలితో నొక్కగానే గొట్టం కీలు మీద ముందుకు వంగి, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. ఇది చాలా సులువైన ఏర్పాటు, కానీ ఆయుధం పటుత్వమంతా ఆ కీలు మీద, ఆ మీట మీద ఆధారపడి ఉంటుంది. 2023 ఆగస్టులో కాన్పూరులోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ తెచ్చిన ప్రబల్‌లో చట్రం వంగదు, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ ఒక్కటే పక్కకు తెరుచుకుంటుంది. అందువల్ల ఏళ్లు గడిచేకొద్దీ కీలు వదులయ్యే బెడద దానికి లేదు. అయితే సినిమాల్లోలా మణికట్టు విదిలించి సిలిండర్ మూస్తే దాన్ని పట్టి ఉంచే భాగం వంగిపోతుంది కనుక చేత్తో నెమ్మదిగా మూయాలి.

ప్రబల్ 50 మీటర్ల దూరం కొడుతుందన్న తయారీదారుల మాటను బట్టి మాత్రం నిర్ణయం తీసుకోకండి. ఆత్మరక్షణ అవసరం గది వెడల్పు దూరంలోనే వస్తుంది, 50 మీటర్ల దూరాన ఉన్నవారిపై కాల్చి అది ప్రాణరక్షణ కోసమేనని న్యాయస్థానాన్ని ఒప్పించడం చాలా కష్టం.

పాతదాని స్థితి తెలియకుండా దాన్ని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరికి దాన్ని మీ నాన్నగారే స్వయంగా తీసుకువెళ్లాలి. తూటాలు లేవని కళ్లతో చూసుకున్నాక, మూసి ఉన్న గొట్టాన్ని పట్టుకుని కదిపితే కీలు దగ్గర ఊగుతోందా, వెనుకనున్న సుత్తిని వెనక్కి లాగినప్పుడు సిలిండర్‌లో తూటా కూర్చునే ప్రతి గదీ గొట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చి బిగుస్తోందా అన్నవి పరీక్షించమనండి. గది పక్కకు జరిగితే తూటా అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. అది కాల్చేవారికే ప్రమాదం. తోలు ఒరలోనే ఉంచి దాచారేమో కూడా అడగండి, ఎందుకంటే మన వైపు ఈశాన్య రుతుపవనాల తేమను తోలు పీల్చుకుని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

కీలు బిగువుగా, సిలిండర్ కుదురుగా ఉంటే పాతదే ఉంచుకోండి. ఊగుతుంటే మాత్రం మరమ్మతుల మీద డబ్బు పోయకుండా ప్రబల్ తీసుకోవడమే నయం.

2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అది మీ చేతికి వచ్చేదాకా ఆ రివాల్వర్ మీ నాన్నగారి అధీనంలోనే ఉండాలి, దుకాణానికైనా మీరు వెంట తీసుకువెళ్లకూడదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి వద్ద రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. ఒకవేళ పాతదాన్ని లైసెన్సున్న మరొకరికి అమ్మదలిస్తే, మీ నాన్నగారు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి.